స్థూలకాయ శస్త్రచికిత్స: తరువాతి జీవితము

రోగము కుదిరెనా లేదా యని విచారించుట వైద్యుని ధర్మము. కుదిరిన పిమ్మట రోగి యెట్లు కాలము గడపుచున్నాడని విచారించుట బంధువులకును, సంఘమునకును విధియై యున్నది. మొదటి విచారణకు మన దేశమున సాధనములు నానాటికి వృద్ధియగుచున్నవి. రెండవదానికి పూనుకొనువా రరుదు. దేహభారము తగ్గించుటకై జీర్ణాశయమునకు చేయు శస్త్రచికిత్సల విషయమున ఈ లోపము స్పష్టముగ కానవచ్చుచున్నది. ప్రకటనలలో శస్త్రమునకు ముందు తీసిన ఛాయాపటమొకటి, తరువాత తీసిన ఛాయాపటమొకటి ప్రక్కప్రక్కన నుంచుట పరిపాటి. చూపరు లాశ్చర్యపడుదురు. ఆ రెండవ పటము తీసిన పదియేండ్లకు ఆ మనుష్యు డేమి తినుచున్నాడో, ఎట్లు నిద్రించుచున్నాడో, ఇంటివారితో నతని సంబంధ మెట్లున్నదో యడుగువారు లేరు. ఈ ప్రశ్నకు ప్రపంచమున నింతవరకు లభించిన సమాధానమును పాఠకుల యెదుట పెట్టి, దానినుండి మనము గ్రహింపవలసిన దేమో సూచించుట మా యుద్దేశము.

ఈ ప్రశ్న దూరదేశముల ధనికులకు మాత్రమే సంబంధించినదని తలపరాదు. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమునుబట్టి దేశమందలి స్త్రీలలో నూటికి 24 మందియు, పురుషులలో నూటికి 23 మందియు తగిన పరిమితిని మించిన బరువు గలవారు. ఆంధ్రప్రదేశమున స్త్రీలలో ఈ సంఖ్య నూటికి 36, తెలంగాణమున 30. దేశమున మధుమేహరోగులు పదికోట్లకు పైబడినారని భారత వైద్యపరిశోధన మండలి వారి పరిశీలనము 2023లో ప్రకటించెను. ఒకప్పుడు క్షామమునకు వెరచిన జాతి నేడు క్షామమును పూర్తిగ దాటకమునుపే స్థూలతకు చిక్కుచున్నది. ఒకే వీథిలో నొక యింట రక్తహీనతయు, పొరుగింట స్థూలకాయమును నున్నవి. ఒక్కొక్కచో రెండును ఒకే స్త్రీ శరీరమున నున్నవి. వీరందరకు శస్త్రము కావలెనని యెవరును చెప్పరు. కాని కావలసినవారి సంఖ్య స్వల్పము కాదు. చేయించుకొనుచున్నవారి సంఖ్య యేటేట పెరుగుచున్నది.

స్థూలతను విచారించుట మనకు క్రొత్త కాదు. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ యధ్యాయమునకు ‘అష్టౌనిందితీయ’ మని పేరు. లోకము నిందించు ఎనిమిది తెఱగుల శరీరులను పేర్కొని, వారిలో అతిస్థూలుని, అతికృశుని విశేషముగ విచారించిన యధ్యాయ మది. అతిస్థూలునకు కలుగు ఎనిమిది దోషములను అచట చెప్పియున్నారు: ఆయువు తగ్గుట, చురుకైన నడక లేకుండుట, దాంపత్యమున కష్టము, దౌర్బల్యము, దుర్గంధము, చెమటబాధ, అతియైన ఆకలి, అతియైన దప్పిక. పాఠకు లీ పట్టికను కొంచెము పరిశీలింతురు గాక. ఈ యెనిమిదింటిలో మరణమునకు సంబంధించినది మొదటి దొక్కటియే. తక్కిన యేడును దినదిన జీవితమునకు సంబంధించినవి. ‘జీవితపు నాణ్యత’ యని నేటి వైద్యులు ప్రశ్నావళులు వ్రాసికొని కొలుచు దానిని ఆ ప్రాచీను డానాడే గుర్తించినాడు. మఱియొక విశేష మేమనగా, స్థూలతకు కారణములను చెప్పుచు అతిభోజనము, వ్యాయామలోపము, పగటినిద్ర మొదలగువానితో పాటు బీజస్వభావమును గూడ చేర్చినాడు. తల్లిదండ్రులనుండి సంక్రమించిన స్వభావము దేహమున బలముగ పనిచేయునని నేటి శాస్త్రమును చెప్పుచున్నది. కావున స్థూలకాయుని తిండిపోతని, సోమరియని నిందించుట ప్రాచీన శాస్త్రమునకును, నవీన శాస్త్రమునకును విరుద్ధము.

అయినను నింద యాగలేదు. బడిలో తోటిపిల్లలు, పెండ్లిచూపులలో పెద్దలు, బస్సులో ప్రక్కన కూర్చుండువారు, కచ్చేరీలో పై యధికారులు, ఎవరికి వారు తమ హాస్యమును స్థూలకాయునిపై ప్రయోగించుట న్యాయమే యనుకొందురు. ఈ నింద యెంత లోతుగ నాటునో తెలుపు పరిశోధన యొకటి అమెరికాలోని ఫ్లారిడాలో జరిగి 1991లో ప్రకటితమైనది. శస్త్రము చేయించుకొని బరువు తగ్గి నిలిచిన 47 మందిని పరిశోధకులు ప్రశ్నించిరి: ‘మరల మునుపటివలె స్థూలకాయులగుట మేలా, మఱియొక వైకల్యము మేలా?’ చెవుడైనను, మధుమేహమైనను, గుండెజబ్బైనను మేలేగాని పాత శరీరము వలదని ప్రతివారును చెప్పిరి. కాలు తీసివేసినను మేలన్నవారు నూటికి 91 మంది. చూపు పోయినను మేలన్నవారు నూటికి 89 మంది. కోటీశ్వరత్వ మిచ్చెదమన్నను స్థూలకాయముతో నది మాకక్కరలేదని యందరును నిరాకరించిరి. దేహబాధ యొక్కటియే యైనచో మనుష్యు డిట్లు పలుకునా? మోకాలినొప్పికి భయపడి కాలినే యిచ్చువాడుండునా? వారిచే నట్లు పలికించినది లోకముచేత పొందిన యవమానము. శస్త్రము తరువాతి జీవితమును విచారించునప్పుడు ఈ సంగతి మరువరాదు. ఏలయన శస్త్రము కడుపును చిన్నది చేయగలదుగాని లోకుల నాలుకను కత్తిరింపలేదు.

ఇక శస్త్రస్వరూపము. 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో చిన్నప్రేవులో నధికభాగమును తప్పించి కలుపు విధానము మొట్టమొదట ప్రకటితమైనది. బరువు తగ్గెనుగాని విరేచనములు, కాలేయవ్యాధి, మూత్రపిండములలో రాళ్ళు మొదలగు నుపద్రవములు మెండై, క్రమముగ ఆ పద్ధతి విడువబడెను. 1966లో అయోవా విశ్వవిద్యాలయమునందు ఎడ్వర్డ్ మేసను డాక్టరు కడుపు పైభాగమున చిన్నసంచివంటిది విడదీసి ప్రేవునకు కలుపు ‘గాస్ట్రిక్ బైపాస్’ పద్ధతికి పునాది వేసెను. నేడు ఆ సంచిలో పట్టునది సుమారు ముప్పది మిల్లీలీటర్లు. ఇప్పుడు హెచ్చుగ జరుగుచున్న ‘స్లీవ్’ శస్త్రములో కడుపునందు నాలుగింట మూడుపాళ్ళకు పైగా కోసి తీసివేసి, మిగిలినదానిని సన్నని గొట్టమువలె నుంతురు. 1994 మొదలు పొట్ట కోయకుండ చిన్న రంధ్రములద్వారా నీ పని చేయు నేర్పు అలవడినది. అనుభవజ్ఞుల చేతిలో నేడు ప్రాణాపాయము వేయింటికి ఒకరిద్దరికి మించదు. ఈ శస్త్రము కేవలము చోటు తగ్గించుటచేతనే పనిచేయదు. ఆకలి పుట్టించు ‘గ్రెలిన్’, తృప్తి కలిగించు ‘జి. ఎల్. పి.–1’ మొదలగు స్రావములను మార్చి, మెదడునకును కడుపునకును నడుమనుండు వర్తమానములనే మార్చును. చర్మముక్రింది క్రొవ్వును పీల్చివేయు ‘లైపోసక్షన్’ పూర్తిగ వేఱు. అది యాకృతికి సంబంధించినదే గాని రోగమునకు చికిత్స కాదు. ఈ రెండింటిని కలగాపులగము చేయుట వలన ప్రజలలో భయమును, భ్రమయును సమానముగ వ్యాపించియున్నవి.

ఎవరికి చేయవలెనను దానికి నియమములు గలవు. కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తుయొక్క వర్గముచేత భాగింపగా వచ్చు సంఖ్యను బి. ఎం. ఐ. యందురు. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థల వారు ఈ సంఖ్య 40 మించినవారికి, లేక 35 మించి తీవ్రవ్యాధులు గలవారికి శస్త్రము తగునని నిర్ణయించిరి. ఆసియావాసులకు తక్కువ బరువుననే మధుమేహము మొదలగునవి వచ్చుటచేత 2009లో మన దేశపు వైద్యులు ఆ హద్దులను 37.5కును, 32.5కును తగ్గించిరి. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘములు హద్దులను మఱికొంత సడలించెను. హద్దులు సడలినకొలది చేయించుకొనువారు పెరుగుదురు. అందుచేత తరువాతి జీవితమును గూర్చిన విచారణ మఱింత ముఖ్యమగుచున్నది.

ఈ విచారణకు ప్రపంచమున కెల్ల ప్రమాణముగ నిలిచినది స్వీడను దేశపు పరిశీలనము. 1987లో ఆరంభమై, లార్స్ షోస్ట్రోము డాక్టరు నాయకత్వమున నడచిన యీ పరిశీలనమున శస్త్రము చేయించుకొనినవారు 2,010 మంది. వారితో సరిపోల్చుటకై శస్త్రములేక సాధారణ చికిత్సనే పొందినవారు 2,037 మంది. పదియేండ్లు గడచునప్పటికి శస్త్రవర్గము వారి బరువు మొదటిదానికన్న నూటికి 16 పాళ్ళు తగ్గియుండెను. రెండవ వర్గమువారి బరువు కొంచెము పెరిగియుండెను. మరణములును శస్త్రవర్గమునందే తక్కువ. 2020లో ప్రకటించిన లెక్కనుబట్టి శస్త్రము చేయించుకొనినవారి యాయుఃప్రమాణము చేయించుకొననివారికన్న మూడేండ్ల యధికము. అయినను సామాన్యజనులకన్న అయిదున్నర యేండ్ల తక్కువ. ఈ రెండు సంఖ్యలను కలిపి చదువవలెను. మొదటిదానిని మాత్రము చెప్పువాడు వ్యాపారి. రెండవదానిని మాత్రము చెప్పువాడు విరోధి. శస్త్రము మేలు చేయును, కాని చాలకాలము మోసిన రోగపు మచ్చను పూర్తిగ తుడిచివేయలేదు.

జీవితపు నాణ్యతను గూర్చి ఆ స్వీడను వారు పదియేండ్లు వరుసగ అడిగి వ్రాసికొనిన లెక్క మఱింత బోధప్రదము. మొదటి సంవత్సరమున అన్ని విషయములందును సుఖము శిఖరమునకు చేరెను. పిమ్మట ఆరవ సంవత్సరము వరకు మెల్లమెల్లగ దిగెను. ఆరునుండి పదివరకు స్థిరముగ నిలిచెను. పదియవ యేటికి శిఖరమునకన్న తక్కువైనను శస్త్రమునకు మునుపటికన్న మెరుగుగనే యుండెను. తన యారోగ్యమును గూర్చిన భావము, నలుగురితో మెలగుట, విషాదము తగ్గుట, వీనియందు శస్త్రవర్గమువారు రెండవ వర్గమువారి కన్న మేలుగ నుండిరి. కాని సామాన్యమైన మనఃప్రసన్నతయందును, ఆందోళనయందును రెండు వర్గములకు చెప్పదగిన భేదము కానరాలేదు. తగ్గిన బరువును నిలుపుకొనినవారికి సుఖమును నిలిచెను. బరువు మరల పెరిగినవారికి సుఖమును తరిగెను. ఆనాటి శస్త్రములలో నధికభాగము నేడు విడిచిన పాతపద్ధతులకు చెందినవనుట నిజమే. అయినను మనస్సునకు సంబంధించిన యీ వంపు పద్ధతి మారినంతమాత్రమున మారునని తలచుటకు కారణము లేదు.

శిఖరము మొదటి సంవత్సరముననే యేల? నెలనెలకు బరువు తగ్గుచుండును, క్రొత్తబట్టలు కుట్టించుకొనుచుండును, కలిసినవారెల్ల మెచ్చుకొనుచుందురు, ఇన్సులిను సూదులు తగ్గును, కొందరికి పూర్తిగ మానును, గురకచేత నిద్రలేని రాత్రులు పోవును, మేడమెట్లు ఆయాసములేక ఎక్కగలుగును. అమెరికాలోని క్లీవ్‌లెండునందు 150 మంది మధుమేహరోగులపై జరిగిన పరిశోధనలో, అయిదేండ్ల పిమ్మట రక్తమందలి చక్కెర మంచిహద్దులో నున్నవారు మందులవర్గమున నూటికి 5, స్లీవు వర్గమున 23, బైపాసు వర్గమున 29 అని 2017లో ప్రకటించిరి. ఇవి స్వల్పలాభములు కావు. కాని రెండవయేట మెచ్చుకోళ్ళు ఆగును, బరువు తగ్గుటయు ఆగును, మిగిలినది దినచర్య. ఆ దినచర్యయే తరువాతి జీవితము.

ఆ దినచర్యలో ప్రథమస్థానము భోజనమునది. మన యిండ్లలో భోజనమన్నచో విస్తరినిండ నన్నము; దానిచుట్టు తక్కినవన్నియు. శస్త్రము చేయించుకొనినవాని కడుపులో పట్టునది కొన్ని ముద్దలు మాత్రమే. ఆ ముద్దలు అన్నమైనచో కండకు కావలసిన మాంసకృత్తులు చాలవు. దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు కావలెనని వైద్యులు నిర్ణయించియున్నారు. ఒక కోడిగ్రుడ్డునందు ఆరు గ్రాములు. ఒక గ్లాసు పాలలో నించుమించుగ నంతే. నూరుగ్రాముల వండిన అన్నములో రెండుమూడు గ్రాములు. శాకాహారులకీ లెక్క కుదుర్చుట మఱింత కష్టము. పప్పు, పెరుగు, పన్నీరు, సెనగలు, సోయా మొదలగువానిని ముందు తిని, అన్నమును చివరకు, మిగిలిన చోటున మాత్రమే యుంచవలెను. అనగా మన భోజనక్రమమునే తలక్రిందులు చేయవలెను. ప్రతి ముద్దను మెత్తగ నమలవలెను. భోజనముతో నీరు త్రాగరాదు, అరగంట యెడముండవలెను. బైపాసు చేయించుకొనినవారు బొబ్బట్లు, జిలేబీ, పాయసము వంటివి తినినచో చక్కెర ఒక్కసారిగ ప్రేవులోనికి దూకి గుండెదడ, చెమటలు, తలతిప్పుట, విరేచనము కలుగవచ్చును. స్లీవు చేయించుకొనినవారికి గుండెమంట, పులిత్రేపులు హెచ్చు. ఫిన్లండు దేశమున 240 మందిపై జరిగిన పరిశోధనలో పదియేండ్ల పిమ్మట అన్ననాళమున వాపు స్లీవు వారిలో నూటికి 31 మందికిని, బైపాసు వారిలో 7 గురికిని కనబడెను. అయినను రెండు వర్గముల జీవితసుఖమున చెప్పుకొనదగిన భేదము లేకుండుట గమనింపదగినది.

లోపమువలన వచ్చు వ్యాధులు మెల్లగ వచ్చును. ఇనుము, బి–12, సున్నపు సత్తువ, డి విటమిను వీనిని జీవితాంతము మాత్రలరూపమున పుచ్చుకొనవలెను. ఏటేట రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఒంటిలో తేలికగ నున్నదని మూడవయేట మాత్రలు మానినవానికి అయిదవయేట పాదములలో తిమ్మిరి పుట్టవచ్చును, కారణమతనికి తోచదు. తొలినెలలలో వాంతులు విడువక యున్నచో బి–1 విటమిను లోపించి మెదడునకే హాని కలుగును. ఇది యాలసింపరాని యపాయము. వడిగ బరువు తగ్గునప్పుడు పిత్తాశయమున రాళ్ళు పుట్టుట, మూడవ నెల మొదలుకొని కొంతకాలము జుట్టు రాలుట సాధారణము. జుట్టు చాలవరకు మరల వచ్చును. వ్రేలాడు చర్మము మాత్రము తనంత తాను పోదు. రాపిడికి ఒరసి పుండ్లు పడును. బరువు తగ్గినను అద్దములో తనను తాను చూచుకొన సిగ్గుపడువారు కలరు. దానిని సవరించు శస్త్రమునకు వేఱే వ్యయము. శస్త్రమునకు ముందు ఈ సంగతి చెప్పని వైద్యుడు రోగికి సగము సత్యమునే చెప్పినవాడు.

మనస్సు విషయమున మఱింత జాగరూకత కావలెను. తిండియే యోదార్పుగ బ్రతికినవానికి ఆ యోదార్పు ఒక్కదినమున తొలగిపోవును. దుఃఖము మాత్రము తొలగదు. అది వేఱొక దారి వెదకును. బైపాసు తరువాత మద్యము రక్తములో త్వరగ, హెచ్చుగ చేరును. అమెరికాలో 2012లో ప్రకటించిన పరిశోధనలో మద్యవ్యసనము శస్త్రమునకు ముందేట నూటికి 7.6 మందిలో నుండగా, మొదటియేట పెరుగక, రెండవయేట 9.6 మందికి పెరిగెను. యూటా రాష్ట్రమున శస్త్రము చేయించుకొనిన 7,925 మందిని, అంతే సంఖ్యగల యితరులతో పోల్చి 2007లో ప్రకటించిన లెక్కలో, మొత్తము మరణములు నూటికి 40 పాళ్ళు తగ్గెను. మధుమేహముచేతి మరణములు 92 పాళ్ళు తగ్గెను. కాని రోగేతర కారణములగు ప్రమాదములు, ఆత్మహత్యలు మొదలగువానిచేతి మరణములు 58 పాళ్ళు హెచ్చెను. ఇట్టివారి సంఖ్య మొత్తముమీద స్వల్పమే. శస్త్రమువలదని చెప్పుటకిది కారణము కాజాలదు. కాని శస్త్రవైద్యుని ప్రక్కన మనోవైద్యుడు కూడ నుండవలెననుటకు ఇంతకన్న బలమైన సాక్ష్యము లేదు. బరువు బాగుగ తగ్గుచున్నవాడు మాటాడుట తగ్గించినచో ఇంటివారు సంతోషముతో ఏమరక, చేరదీసి యడుగవలెను. అడుగుటవలన హాని లేదు, అడుగకుండుటవలన కలదు.

సంసారమును మారును. స్వీడను దేశమున 2018లో ప్రకటించిన పరిశీలనము ప్రకారము, శస్త్రము తరువాత ఒంటరిగ నున్నవారిలో వివాహములును, క్రొత్త సంబంధములును పెరిగెను. జంటగ నున్నవారిలో విడిపోవుటలును పెరిగెను. ఇందులో నాశ్చర్యము లేదు. ఒకరి శరీరము మారినప్పుడు ఇంటిలోని యధికారము, యసూయ, యాశలు అన్నియు కదలును. వెనుక భర్తకు తగని దాననని తలవంచుకొని మెలగిన భార్య నేడు తలయెత్తి నడచును. దానిని సహింపని భర్తయు, గర్వించు భర్తయు కూడ నుందురు. మన దేశమున నీ విషయమున వేఱొక చిక్కు కలదు. పెండ్లి కుదురుటకై కుమార్తెకు శస్త్రము చేయించి, ఆ సంగతిని వియ్యంకులవద్ద దాచు తల్లిదండ్రులుందురు. ఆమె యత్తవారింట రహస్యముగ మాత్రలు మ్రింగుచు, పెట్టినదెల్ల తినలేక, ‘మా చేతివంట నచ్చలేదా’ యను నిందకు గురికావలసివచ్చును. శస్త్రము తరువాత పండ్రెండు మొదలు పదునెనిమిది నెలలవరకు గర్భము ధరింపకుండుట క్షేమమని వైద్యులు చెప్పుదురు. రహస్యము దాచినచో నిదియు చెప్పుటకు వీలుండదు. ఆరోగ్యమునకై చేయించినది యవమానభయముచే అనారోగ్యమునకు దారితీయును. దాచదగినంత దోషము ఇందులో నేమియు లేదని పెద్దలు తెలిసికొనవలెను.

బరువు కొంత తిరిగి వచ్చుట సర్వసాధారణము. అది రోగి యొక్క యపరాధము కాదు. దేహము పోయినదానిని తిరిగి సంపాదించుకొన యత్నించుట దాని స్వభావము. కాని మన లోకము ‘లక్షలు పోసి కోయించుకొని మరల లావెక్కినాడు’ అని నవ్వును. ఆ నవ్వునకు వెరచి రోగి వైద్యునివద్దకు పోవుటయే మానును, పరీక్షలు మానును, మాత్రలు మానును. నవ్విన వారికి తెలియకయే ఒక చికిత్స చెడును. 2025లో మన దేశపు విపణికి మౌంజారో, వెగోవీ యను సూదిమందులు వచ్చినవి. ఇవియు బరువును తగ్గించును; కొందరికి శస్త్రమే యక్కరలేకుండ చేయును. కాని వెగోవీలోని మందును మానినచో తగ్గిన బరువులో మూడింట రెండుపాళ్ళు ఏడాదిలోపల తిరిగివచ్చునని 2022లో ప్రకటించిన పరిశోధన తెలిపినది. కావున కత్తియైనను, సూదియైనను, ఇది జన్మాంతము సాగవలసిన సేద్యమే. విత్తునాటి కలుపుతీయనివాడు పంటను నిందింపరాదు. ఈ మాట భూవసతిగల మా పాఠకులకు వేఱుగ చెప్పనక్కరలేదు.

ధనము మాట యొకటి కలదు. 2019లో భీమానియంత్రణ సంస్థ చేసిన నియమములనుబట్టి బి. ఎం. ఐ. 40 మించినవారికి, లేక 35 మించి గుండెజబ్బు, తీవ్రమైన నిద్రావరోధము, లొంగని మధుమేహము మొదలగునవి గలవారికి, వైద్యుని సలహాపై జరుగు శస్త్రమును ఆరోగ్యభీమా సాధారణముగ త్రోసివేయరాదు. ఇది మెచ్చదగినది. కాని శస్త్రదినముతో ముగియునది దీని వ్యయములో నొక భాగమే. ఏటేట పరీక్షలు, మాత్రలు, ఆహారనిపుణుని సలహా, మనోవైద్యుని సహాయము వీనినెల్ల రోగి తన జేబునుండియే పెట్టుకొనవలసి వచ్చుచున్నది. జిల్లాలనుండి హైదరాబాదునకు వచ్చి శస్త్రము చేయించుకొని తన యూరికి మరలినవానికి అక్కడ నీ సంగతి తెలిసిన వైద్యుడు దొరకుట దుర్లభము. వాంతులు పట్టినచో ఊరివైద్యుడు అజీర్ణమనుకొని సీసా మందిచ్చి పంపును.

కావున మేము సూచించున దిది. శస్త్రము చేయు ప్రతి యాసుపత్రియు అయిదేండ్లకును, పదియేండ్లకును తన రోగుల నెందరిని కలిసికొనగలిగెనో, వారెట్లున్నారో ప్రజలకు ప్రకటింపవలెను. మొదటియేటి ఛాయాపటములతో నూరకుండరాదు. ప్రతి రోగికిని తెలుగున వ్రాసిన చీటి యొకటి, చేసిన శస్త్రమేదో, మానరాని మాత్రలేవో, వెంటనే వైద్యుని చూడవలసిన లక్షణములేవో తెలుపుచు, ఇచ్చి పంపవలెను. జిల్లా ఆసుపత్రి వైద్యులకు ఈ రోగుల తరువాతి సంరక్షణమున శిక్షణ కావలెను. ప్రభుత్వము స్థూలతను సోమరితనముగ కాక వ్యాధిగ నెంచి, పేదవానికిని సలహా, చికిత్స అందునట్లు చేయవలెను. అంతకుముందు పిల్లల తిండిలో చేరుచున్న చక్కెరను, నూనెను అదుపులో నుంచవలెను. శస్త్రము కడపటి సాధనము. మొదటి సాధనములు మన వంటయిండ్లలోను, బడి ఆటస్థలములలోను నున్నవి.

ఇండ్లకు సంబంధించిన మాటతో ముగింతుము. అతిథికి కొసరి కొసరి వడ్డించుట తెలుగువాని మర్యాద. ‘ఇంకొక్క గరిటె’ యనని యిల్లాలు లేదు. ప్రేమను వడ్డనచేతనే తెలుపుట మన కలవాటైపోయినది. శస్త్రము చేయించుకొనినవాడు పంక్తిలో కూర్చుండి రెండు ముద్దలకు చేయి యడ్డము పెట్టినప్పుడు ఆ చేతిని గౌరవించుటయే యతనికి చేయదగిన మర్యాద. అతని విస్తరిని చూచి వ్యాఖ్యానింపక, అతని మాటను వినుడు. అతని వెనుకటి శరీరమును గూర్చి హాస్యమాడకుడు. నేటి శరీరమును గూర్చియు మితిమీరి పొగడకుడు, ఏలయన ఆ పొగడ్తలో వెనుకటి నింద దాగియుండును. వైద్యుడు తన పని గంటన్నరలో ముగించును. తక్కిన ముప్పదియేండ్ల పని ఇంటివారిది, ఇరుగుపొరుగువారిది, మనయందరిది. ఆ పనిని మనము చక్కగ నెరవేర్చినచో చరకుడు చెప్పిన యెనిమిది దోషములు తగ్గుటయే కాక, ఆ యధ్యాయము పేరులో నిలిచిపోయిన ‘నింద’ యను మాటకూడ మనలోనుండి తొలగును.